తిండి తగ్గించినా, వ్యాయామం చేస్తున్నా బరువు దిగడం ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి రెండు నెలల్లో ఐదారు కిలోలు తగ్గి, ఆ తర్వాత మిషన్ మీద అంకె కదలకపోతే చాలామంది వెంటనే ఉన్న అన్నంలో ఇంకో సగం తీసేస్తారు. నిజానికి అది చివర్లో ఆలోచించాల్సిన పని. బరువు నిజంగానే ఆగిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత నోట్లోకి వెళ్తున్నదెంతో తూచి చూడాలి. అప్పటికీ కదలకపోతేనే మార్పులు, అవి కూడా ఒక్కొక్కటిగా. కింది జవాబులు దాదాపు ఆ వరసలోనే ఉన్నాయి.

మధుమేహానికి మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇక్కడి అంకెలను తమ డాక్టరుతో మాట్లాడకుండా అమలు చేయవద్దు.

బరువు ఆగిపోయిందని ఎప్పుడు అనుకోవాలి?

నాలుగు వారాల పాటు వారపు సగటు మారకుండా, నడుము కొలత కూడా మారకుండా ఉంటే ఆగినట్టు. పది రోజులు కదలకపోవడం లెక్కలోకి రాదు. ఒకే మనిషి బరువు రెండు రోజుల తేడాలో కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. తాగిన నీళ్లు, పేగుల్లో ఉన్న ఆహారం, నిన్న రాత్రి తిన్న ఉప్పు అన్నీ మిషన్ మీద పడతాయి. మీ కొవ్వు వారానికి 300 గ్రాములు తగ్గుతుంటే, ఆ తగ్గుదల ఈ ఊగిసలాట కింద రెండు మూడు వారాలు కనబడకుండా ఉండటం మామూలే.

ఆవకాయ, అప్పడం, పులిహోర కలిసిన పండగ భోజనం తర్వాత మర్నాడు ఒకటిన్నర కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. ఒక్క పూటలో ఒంటికి కావాల్సినదానికి మించి అంత తినడం ఎవరివల్లా కాదు. ఉప్పు పట్టి ఉంచిన నీరు రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది.

బరువు, నడుము కొలత సరిగ్గా ఎలా చూసుకోవాలి?

పొద్దున లేచి, మలమూత్రాలు అయ్యాక, నీళ్లయినా తాగకముందు, అదే మిషన్ మీద, అంతే బట్టలతో చూసుకోవాలి. మిషన్ గట్టి నేల మీద ఉండాలి. చాప, తివాచీ మీద పెడితే అంకె మారిపోతుంది. రోజూ రాసుకుని, ఆదివారం నాడు ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక పెట్టవద్దు. రోజూ అంకె చూస్తే మనసు పాడయ్యేవాళ్లు వారానికి మూడు రోజులు చూసుకున్నా చాలు.

నడుముకు దర్జీ టేపు వాడండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు చర్మాన్ని నొక్కకుండా, రెండు వారాలకోసారి కొలవాలి. బరువు ఆగి నడుము సెంటీమీటరు తగ్గిందంటే మీ పద్ధతి పనిచేస్తోంది, దాన్ని కదపవద్దు.

నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. నెలసరికి ముందు వారం చాలామందిలో కిలో, రెండు కిలోల నీరు చేరుతుంది. కాబట్టి ఈ నెల మూడో వారాన్ని పోయిన నెల మూడో వారంతోనే పోల్చాలి. పక్కపక్క వారాలను పోల్చి కంగారు పడేవాళ్లలో ఎక్కువమంది నిజంగా తగ్గుతూనే ఉంటారు.

మొదటి నెలలో నాలుగు కిలోలు తగ్గాను. ఇప్పుడు అదే తిండికి కిలో కూడా ఎందుకు తగ్గడం లేదు?

మొదటి నెల తగ్గుదలలో సగం వరకూ నీరే అయి ఉండవచ్చు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, తీపి తగ్గించగానే ఆ నిల్వ ఖర్చయి నీరు పోతుంది. ఆ వేగం ఎవరికీ నిలవదు. రెండో నెల నుంచి నెలకు కిలో, రెండు కిలోలు తగ్గడమే మంచి తగ్గుదల. నాలుగు కిలోలను కొలబద్దగా పెట్టుకుంటే బాగా నడుస్తున్న పథకం కూడా విఫలమైనట్టే కనిపిస్తుంది.

అసలు శరీరంలో ఏం జరిగి బరువు ఆగుతుంది?

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. 38 ఏళ్లు, 158 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోల బరువున్న మహిళ. డైటీషియన్లు ఎక్కువగా వాడే మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం ఆమె కదలకుండా పడుకున్నా ఒంటికి రోజుకు దాదాపు 1,456 కేలరీలు కావాలి. ఇంటి పని, కొద్దిగా నడక కలిపి 1.4తో హెచ్చిస్తే 2,040. ఆమె 1,500 తింటే రోజుకు 540 లోటు, అంటే నెలకు రెండు కిలోల పైచిలుకు తగ్గుదల.

ఇప్పుడామె 72 కిలోలకు వచ్చింది. అదే సూత్రం 1,356 చూపిస్తుంది, కదలికతో కలిపి 1,900. లోటు 400కు పడిపోయింది. దీనికి తోడు, తిండి తగ్గిన శరీరం సూత్రం చెప్పినదానికంటే ఇంకొంచెం పొదుపుగా నడుస్తుంది, మనిషి తెలియకుండానే తక్కువ కదులుతుంది. రెండూ కలిపి 150 అనుకుంటే లోటు 250. ఆ 250 చెరిగిపోవడానికి కూరలో అదనంగా పడ్డ రెండు టేబుల్ చెంచాల నూనె చాలు. ఆమె ఏ తప్పూ చేయలేదు. 82 కిలోలప్పటి లెక్కనే 72 కిలోల దగ్గరా వాడుతోంది, అంతే.

ఈ సూత్రం మనవాళ్లకు కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకే దాన్ని ఆరంభానికి మాత్రమే వాడుకుని, మీ నాలుగు వారాల సగటు చెప్పేదాన్ని నమ్మండి.

తక్కువ తింటే మెటబాలిజం (శరీరం శక్తిని ఖర్చు చేసే తీరు) దెబ్బతిని, ఇక ఎప్పటికీ తగ్గరంటారు. నిజమా?

సగం నిజం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944–45లో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలల పాటు అర్ధాకలి తిండి పెట్టి పరీక్షించారు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది, శరీరం ఖర్చు చేసే శక్తి బాగా పడిపోయింది, కాళ్లకు నీరు పట్టింది. కానీ తిండి తక్కువగా ఉన్నంతకాలం ఎవరూ కొవ్వు పెంచుకోలేదు.

టీవీ పోటీలో వేగంగా, భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2016లో ఫలితాలు ప్రచురించింది. వాళ్ల శరీరాలు అంచనా కంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. అది విపరీతమైన వ్యాయామంతో, విపరీతమైన వేగంతో తగ్గినవాళ్ల సంగతి. నెలకు కిలోన్నర చొప్పున తగ్గేవాళ్లలో ఈ పొదుపు చాలా చిన్నది. పొదుపు ఉంటుంది కాబట్టి లెక్క కట్టుకోవాలి. దాని వల్ల తగ్గుదల పూర్తిగా ఆగిపోదు.

నేను రోజుకు 1,200 కేలరీలే తింటున్నా. అయినా తగ్గడం లేదు. ఎలా సాధ్యం?

ఇది మేము ఎక్కువగా వినే ప్రశ్న. అడిగేవాళ్లు అబద్ధం చెప్పరు, కొలత తప్పుతుంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని ప్రయోగశాల పద్ధతుల్లో పరీక్షించారు. వాళ్లు తమ తిండిని సగటున 47 శాతం తక్కువగా, తమ శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది.

మన ఇళ్లలో లెక్క తప్పించుకునేవి దాదాపు ఎప్పుడూ ఇవే: పోపు నూనె, అన్నంలో నెయ్యి, పచ్చడి మీద తేలే నూనె, పిల్లలు వదిలేసిన దోసె ముక్క, వంట చేస్తూ రుచి చూసినవి, టీలు. టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లు, రెండు టీ చెంచాల చక్కెరతో కప్పు టీ దాదాపు 100 కేలరీలు. రోజుకు నాలుగు తాగితే 400. అంటే పైన చెప్పిన మహిళకు 72 కిలోల దగ్గర మిగిలిన లోటు కంటే ఎక్కువ.

ఇంకో లోపం యాప్‌లలో ఉంది. ఎవరో నమోదు చేసిన ‘ఒక కప్పు పప్పు’, ‘ఒక ప్లేటు బిర్యానీ’ మీ ఇంటి కప్పుకూ ప్లేటుకూ సరిపోవు. పచ్చి దినుసు తూచి, దాని అంకె చూడండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. మన దినుసులకు అవే ఎక్కువ నమ్మదగినవి.

ఇంట్లో అందరికీ కలిపి వండుతాం. నా వాటా ఎలా తూచాలి?

గ్రాముల్లో చూపే కిచెన్ మిషన్ ఒకటి కావాలి. మొదట ఖాళీ గిన్నెల బరువు తూచి గోడ మీదో ఫోన్లోనో రాసిపెట్టుకోండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు.

అన్నం: 300 గ్రాముల బియ్యంలో దాదాపు 1,050 కేలరీలు. వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. 840 గ్రాములు వచ్చిందనుకుందాం. 1,050ని 840తో భాగించి వందతో హెచ్చిస్తే, వంద గ్రాముల అన్నం 125 కేలరీలు. మీరు 250 గ్రాములు పెట్టుకుంటే 312. మీ ఇంట్లో అన్నం మెత్తగా వండితే ఈ అంకె తగ్గుతుంది, పలుకుగా వండితే పెరుగుతుంది. అందుకే ఊరికే ‘ఒక కప్పు అన్నం’ అని రాసుకుంటే లెక్క నిలవదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లదైతే అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది, అదే 520 కేలరీలు.

పప్పు: కందిపప్పు 150 గ్రాములు అంటే దాదాపు 500 కేలరీలు, 33 గ్రాముల ప్రోటీన్. పోపుకు రెండు టేబుల్ చెంచాల నూనె అంటే 250 కేలరీలు. టమాటాలు, ఉల్లిపాయకు 30 వేయండి. మొత్తం 780. ఉడికి, పోపు పడ్డాక పప్పు 900 గ్రాములు తూగితే, మీ 200 గ్రాముల వాటాలో 175 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్. ఈ చివరి అంకె చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. పప్పుతో ప్రోటీన్ సరిపోతుందనుకునే ఇళ్లలో ఒక పూటకు వచ్చేది ఇంతే.

జీవితాంతం తూచనక్కర్లేదు. రెండు వారాలు తూస్తే మీ గరిటె, మీ గిన్నె ఎంతో కంటికి తెలుస్తుంది. మళ్లీ ఆగినప్పుడు మళ్లీ రెండు వారాలు తూచాలి, ఎందుకంటే కంటి అంచనాతో వేసే కొలత నెలలు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది.

నూనె ఎంత వాడుతున్నామో ఎలా తెలుస్తుంది?

ఖాళీ అయిన ప్యాకెట్లు లెక్కపెట్టండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లయితే మనిషికి రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. 6 లీటర్లయితే 45 గ్రాములు, 410 కేలరీలు. నెలకు రెండు లీటర్ల తేడా మనిషికి రోజుకు 140 కేలరీలు. ఏ ఆహారం మానకుండానే ఆ మేరకు లోటు దొరుకుతుంది.

సీసాతో మూకుట్లోకి వంచడం మానేసి 5 మిల్లీలీటర్ల టీ చెంచాతో వేయండి. చెంచాకు దాదాపు 40 కేలరీలు. వంకాయ, బెండకాయ వేపుడుకు నూనె ఎక్కువ పడుతుంది. వంకాయను ముందు ఆవిరి మీద మగ్గించి, చివర్లో రెండు చెంచాల నూనెతో వేయిస్తే రుచి నిలుస్తుంది. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, ఆలివ్ నూనె, నెయ్యి ఏదైనా కొవ్వు గ్రాముకు 9 కేలరీలే.

అన్నం మానేసి కొర్రలు, జొన్నరొట్టె తింటున్నా. అయినా ఎందుకు ఆగింది?

కేలరీల్లో తేడా చాలా తక్కువ కాబట్టి. బియ్యం, కొర్రలు, జొన్నలు, రాగులు వంద గ్రాములకు 320 నుంచి 355 మధ్యే ఉంటాయి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, మధుమేహం ఉన్నవాళ్లకు చాలావరకు మేలు. కానీ ‘కొర్రన్నం ఎంత తిన్నా ఫరవాలేదు’ అన్న ధైర్యంతో గిన్నె పెద్దదైతే బరువు ఆగుతుంది. రాత్రి అన్నం బదులు నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు తినడం కూడా ఇలాంటిదే. చాలా ఇళ్లలో ఆ చపాతీలే అన్నం కంటే ఎక్కువవుతాయి.

వారంలో ఐదు రోజులు కచ్చితంగా ఉంటాను. శని, ఆదివారాలు కొంచెం సడలిస్తే అంత నష్టమా?

ఐదు రోజులు 400 చొప్పున లోటు అంటే 2,000. రెండు రోజులు వెయ్యేసి ఎక్కువ తింటే 2,000. వారం చివర మిగిలింది సున్నా. హోటల్ బిర్యానీ 600 గ్రాముల ప్లేటు వెయ్యి కేలరీలు దాటుతుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ దాదాపు 135, దాంతోపాటు నంజుకునేవి వేరే.

పెళ్లిళ్ల సీజన్‌లో భోజనాలకు వెళ్లకుండా ఉండమని చెప్పడం కుదిరే పని కాదు. అలాంటి పూటకు ముందూ వెనకా రెండు పూటలు కోడిగుడ్లు, కూరగాయలు, మజ్జిగతో తేలికగా సరిపెట్టి, విస్తట్లో స్వీటు, బిర్యానీ, వేపుళ్లలో మీకు నిజంగా ఇష్టమైనవి రెండు తినండి. ఆ రోజు తిన్నది కూడా రాసుకోండి. రాయని రోజులే బరువును ఆపుతాయి.

రోజూ గంట నడుస్తున్నా. అదైనా పనిచేయాలి కదా?

70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంట నడిస్తే దాదాపు 245 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 70 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా వచ్చింది 175. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేయించిన వేరుశనగ గింజలు దాదాపు అంతే. స్మార్ట్ వాచీ చూపించే అంకె సాధారణంగా మొత్తం ఖర్చు. దాన్ని పట్టుకుని ‘ఇంత కరిగించా కాబట్టి ఇంత తినొచ్చు’ అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇంకొకటి: పొద్దున గంట నడిచినవాళ్లు మిగతా రోజంతా కుర్చీలోనే గడిపేయడం చాలా మామూలు. తిండి తగ్గినప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. లిఫ్ట్ ఎక్కుతారు, కూర్చునే కూరగాయలు తరుగుతారు, ఫోన్ మాట్లాడుతూ నడిచేవాళ్లు సోఫాలో కూలబడతారు. అందుకే వాకింగ్ అయ్యిందా లేదా అని కాకుండా రోజు మొత్తం అడుగులు చూడండి. ఫోన్‌ను జేబులో ఉంచుకుంటే అదే లెక్కపెడుతుంది. వారం సగటు 5,000 ఉంటే 8,000కు తీసుకురండి. ఆ 3,000 అడుగులు దాదాపు రెండు కిలోమీటర్లు, రోజుకు 80 నుంచి 100 కేలరీలు. తిన్న ప్రతిసారీ పది నిమిషాలు నడిస్తే రోజుకు ఆ అడుగులు వచ్చేస్తాయి, చక్కెరా అదుపులో ఉంటుంది.

వ్యాయామాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తగ్గిన బరువును నిలబెట్టడంలో దానికి మించింది లేదు. తగ్గించే పనిలో ఎక్కువ భాగం కంచంలోనే జరుగుతుంది.

జిమ్‌లో బరువులు ఎత్తడం మొదలుపెట్టాక కిలో పెరిగాను. మానేయాలా?

మానవద్దు. కొత్త వ్యాయామంతో కండరాల్లో సన్నని గాయాలై, అవి మానేటప్పుడు నీరు చేరుతుంది. మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. జిమ్‌కు వెళ్లేవాళ్లు కండబలానికి తీసుకునే క్రియాటిన్ పొడి వాడుతుంటే ఇంకో కిలో నీరు కలుస్తుంది. ఈ కాలంలో మిషన్‌ను కాక టేపును నమ్మండి.

బరువులు లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. వారానికి రెండు, మూడు రోజులు, 40 నిమిషాలు చాలు. కుర్చీ మీంచి లేచి కూర్చోవడం లేదా స్క్వాట్, గోడకో నేలకో పుషప్, నీళ్ల క్యాన్‌తోనో డంబెల్‌తోనో వంగి లాగడం, తుంటి పైకెత్తడం, ఒక్కొక్కటీ 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. ప్రతి విడతలో చివరి రెండుసార్లూ కష్టంగా అనిపించాలి. 12 సులువుగా అయిపోతుంటే బరువు పెంచండి. ఆరు నెలలుగా అవే 2 కిలోల డంబెల్స్ ఎత్తుతుంటే కండరానికి కొత్త పనేమీ చెప్పనట్టే.

ప్రోటీన్ ఎంత తినాలి? శాకాహారులకు ఎలా?

చేరాలనుకున్న బరువుకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు. లక్ష్యం 65 కిలోలైతే కనీసం 78 గ్రాములు. ప్రోటీన్ ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది, కండను కాపాడుతుంది, అరగడానికి కూడా కొంత శక్తి ఖర్చు చేయిస్తుంది.

మాంసాహారులకు కష్టం లేదు. రెండు కోడిగుడ్లు 12 గ్రాములు, చర్మం లేని చికెన్ 150 గ్రాములు 33, పెరుగు 200 గ్రాములు 7, పప్పు, అన్నం, రొట్టెల నుంచి ఇంకో 20, పచ్చిపెసలు 30 గ్రాములు నానబెట్టి తింటే 7. శాకాహారులు మాత్రం పనిగట్టుకుని కూర్చుకోవాలి: సోయా గింజల మీల్‌మేకర్ పొడిగా 40 గ్రాములు తూచి వండితే 20, పనీర్ 80 గ్రాములు 14, పెసలు 50 గ్రాములు 12, పెరుగు 300 గ్రాములు 10, పాలు గ్లాసు 6, పప్పు 7, అన్నం, రొట్టె 8. మొత్తం 77, దాదాపు సరిపోతుంది. పనీర్‌లో ప్రోటీన్‌కు సమానంగానో ఎక్కువగానో కొవ్వు ఉంటుంది, కాబట్టి దాన్ని వంద గ్రాములు దాటించవద్దు. పెసరట్టు మంచిదే, నూనె చెంచాతో వేసినంతకాలం.

అన్నీ తూచాను, అడుగులూ సరిపోయాయి. అయినా నాలుగు వారాలు కదల్లేదు. ఇప్పుడు తిండి తగ్గించాలా?

ఇప్పుడు తగ్గించవచ్చు. రోజుకు 150 నుంచి 200 కేలరీలు, అంతకు మించి వద్దు. మధ్యాహ్నం అన్నంలో 80 గ్రాములు, రెండు చెంచాల నూనె తీస్తే 180 అవుతుంది. తీసిన చోట కూరగాయలు పెంచండి. బీరకాయ, సొరకాయ, దోసకాయ, క్యాబేజీ, ఆకుకూరలు కంచంలో సగం ఉండాలి. మూడు వారాలు చూడండి. ఒకేసారి అన్నం తగ్గించి, నడక పెంచి, ఉపవాసం మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, అన్నీ కలిసి నెలలోపే ఆగిపోతాయి.

డాక్టరు పర్యవేక్షణ లేకుండా మహిళలు 1,200కు, పురుషులు 1,500కు దిగువకు వెళ్లవద్దు. జుట్టు రాలడం, నెలసరి తప్పడం, చలిగా ఉండటం, మెట్లెక్కితే కళ్లు తిరగడం కనిపిస్తే మీరు ఇప్పటికే అతిగా తగ్గించారు.

కొన్నాళ్లు డైట్‌కు విరామం ఇస్తే మళ్లీ తగ్గుతామంటారు?

మూడు నాలుగు నెలలుగా తగ్గిస్తూ అలసిపోయినవాళ్లకు రెండు వారాల విరామం బాగా ఉపయోగపడుతుంది. విరామం అంటే ఇష్టమొచ్చినట్టు తినడం కాదు. ఇప్పటి బరువు నిలబడేంత తినడం, అంటే పై ఉదాహరణలోని మహిళకు 1,750 దాకా. పెంచేది అన్నం, పళ్లు, పప్పుల రూపంలో. మొదటి మూడు రోజుల్లో కిలో వరకూ పెరుగుతుంది, అది గ్లైకోజెన్‌తో వచ్చే నీరే.

ఆస్ట్రేలియాలో చేసిన మ్యాటడార్ అనే అధ్యయనంలో, 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, రెండు వారాలు తగ్గించి రెండు వారాలు విరామం తీసుకున్న స్థూలకాయ పురుషులు ఏకబిగిన చేసినవాళ్లకంటే ఎక్కువ తగ్గారు. తర్వాత వ్యాయామం అలవాటున్నవాళ్లపై చేసిన ప్రయోగంలో అంత తేడా కనిపించలేదు. మెటబాలిజం సంగతి అలా ఉంచినా, ఆకలి, విసుగు తగ్గి మళ్లీ కచ్చితంగా తూచే ఓపిక వస్తుంది. మా దృష్టిలో విరామానికి అదే అసలు ప్రయోజనం.

ఉపవాసాలు, కీటో, కొబ్బరినూనె డైట్లతో ఆగిన బరువు కదులుతుందా?

తినే వేళలు కుదించడం వల్ల రాత్రి చిరుతిళ్లు ఆగితే కదులుతుంది. అదే తిండి ఎనిమిది గంటల్లో తింటే కదలదు. కీటో పేరిట పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానేస్తే మొదటి వారంలో రెండు కిలోలు పోతాయి, అది మళ్లీ గ్లైకోజెన్ నీరే, మొదటి పెళ్లి భోజనంతో తిరిగొస్తుంది. రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె తాగితే అవే 630 కేలరీలు. ఆకలి చచ్చిపోయి మిగతా తిండి బాగా తగ్గితేనే బరువు దిగుతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరిగే ప్రమాదం వెంట ఉంటుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మధుమేహ మందులు వాడేవాళ్లు డాక్టరు మోతాదు మార్చకుండా ఉపవాసం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

నిద్రకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో పదిమంది అంతే కేలరీలు తింటూ రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే వీలుతో గడిపారు. తగ్గిన బరువు దాదాపు సమానమే. తక్కువ పడుకున్నప్పుడు మాత్రం పోయిన బరువులో కొవ్వు వాటా 55 శాతం తగ్గింది, కండ ఎక్కువ పోయింది. రాత్రి షిఫ్టు ఉద్యోగులు పగటి నిద్రకు చీకటి గది, ఏడు గంటల సమయం కేటాయించడం అదనపు గంట జిమ్ కంటే విలువైనది.

థైరాయిడ్, పీసీఓడీ, మందుల వల్ల ఆగిందేమో ఎలా తెలుసుకోవాలి?

అలసట, మలబద్ధకం, చర్మం పొడిబారడం, గొంతు మారడం లాంటివి ఉంటే థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అదీ ఎక్కువగా ఉప్పు, నీరు. మాత్రతో టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చాక బరువు ఆగితే కారణం థైరాయిడ్ కాదు. ఆ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకూ కాఫీ, టీ తాగవద్దు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. దీన్ని పాటించక మాత్ర ఒంటికి పట్టనివాళ్లు చాలామంది.

పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉంటే తగ్గడం నెమ్మదిస్తుంది, పద్ధతి మాత్రం అదే. బరువు పెంచగల మందుల్లో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, ఒలాంజపిన్, వాల్‌ప్రోయేట్, కొన్ని బీటా బ్లాకర్లు ఉన్నాయి. వీటిలో ఏదీ సొంతంగా ఆపవద్దు. మందుల చీటీ తీసుకెళ్లి, బరువు పెంచని ప్రత్యామ్నాయం ఉందా అని డాక్టరును అడగండి. కాళ్లవాపు, ఆయాసంతో బరువు వేగంగా పెరుగుతుంటే వెంటనే వెళ్లాలి, అది గుండెదో కిడ్నీదో కావచ్చు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడితే ఆగడం ఉండదా?

వాటితోనూ ఆగుతుంది. 2021లో ప్రచురితమైన సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ పరీక్షలో 68 వారాల్లో సగటు తగ్గుదల దాదాపు 15 శాతం, అరవయ్యో వారం దగ్గరకు వచ్చేసరికి గీత చదునైంది. మన దేశంలో బరువు కోసం టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ బ్రాండ్లు 2025లో మార్కెట్‌లోకి వచ్చాయి. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. ప్యాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ముందే ఆ విషయం చెప్పాలి. ఆకలి లేక రోజుకు రెండు ఇడ్లీలతో సరిపెట్టేవాళ్లకు కండ కరిగిపోతుంది కాబట్టి ప్రోటీన్, బరువుల వ్యాయామం వీళ్లకు ఇంకా ముఖ్యం.

ఇక్కడే ఆగిపోతే తప్పా?

మొదటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర, కాలేయంలో కొవ్వు మెరుగుపడతాయి. భారతీయులకు బీఎంఐ (బరువును ఎత్తుతో పోల్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మీ నడుము ఆ గీత లోపలికి వచ్చి, రక్తపరీక్షలు బాగుంటే, పెళ్లినాటి బరువు కోసం ఇంకా పస్తులుండాల్సిన పనిలేదు. అలాంటప్పుడు తిండిని రోజుకు వంద కేలరీల చొప్పున రెండు వారాలకోసారి పెంచుతూ, సగటు నిలబడిన చోట ఆపండి. వారానికి మూడు రోజులు బరువు చూసుకుంటూ, సగటు రెండు కిలోలు పెరిగిన రోజున కిచెన్ మిషన్ మళ్లీ బయటకు తీయండి.